నా మొహం చూసి రాసిన కథ

ఈ మధ్య ఏ సభకి వెళ్ళినా, ఏ యూట్యూబ్ కుర్రాడు మైకు పట్టుకుని ఎదురొచ్చినా ఒకటే ప్రశ్న. "సార్, మీ రైటింగ్ ప్రాసెస్ ఏంటి సార్?" అని. పొద్దున్న రాస్తారా, రాత్రి రాస్తారా, ల్యాప్‌టాప్ మీదా, పెన్నుతోనా, కాఫీ ఎన్నిసార్లు తాగుతారు... నేనూ గొంతు సవరించుకుని, ఎక్కడో పైకి చూస్తూ, ఆ పూటకి తోచిందేదో చెప్పేస్తుంటాను. (పైకి చూడటం ముఖ్యం. తిన్నగా చూస్తూ చెబితే రచయిత అనుకోరు.) నిజం చెబితే ఎలాగూ నమ్మరు. నాకు రాయడం నేర్పింది ఫిల్మ్ నగర్‌లో ఒక అద్దింటి రెండో అంతస్తులో, నేల మీద బాసింపట్టు వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చునే ఒకావిడ. ఆవిడ దగ్గర నేను చేరిన ఉద్యోగం రాయడం కాదు. మరేమిటో నాకే చాలాకాలం తెలియలేదు. తెలిసిన రోజున మాత్రం తల కొట్టేసినట్టయింది.

అప్పటికి నేను భీమవరంలో బీకాం గట్టెక్కి, కాలేజీ మ్యాగజైన్‌లో రెండు కథలు అచ్చేయించుకుని, ఇక తెలుగు సినిమాని ఆదుకోవలసిన భారం నా మీదే పడిందని గట్టిగా నమ్మేసి హైదరాబాద్ బస్సెక్కిన మనిషిని. గడ్డం పెంచాను. భుజానికి గుడ్డసంచీ తగిలించాను. రాయాలంటే నాకొక పద్ధతి ఉండేది. కిటికీ పక్కన కూర్చోవాలి, సిరా పెన్నే ఉండాలి, అగరొత్తి వెలగాలి, బయట వాన పడుతూంటే మరీ మంచిది. కృష్ణానగర్‌లో నేను దిగిన గదికి కిటికీ లేదు. అగరొత్తి వెలిగిస్తే గదిలో మిగతావాళ్ళు దగ్గుతూ తిట్టేవాళ్ళు. వాన పడితే నీళ్ళు లోపలికే వచ్చేవి కాబట్టి పరుపులు ఎత్తిపెట్టే పని తప్ప రాత సాగేది కాదు. అయినా నేను తగ్గలేదు. నా సీన్లలో ఎవరైనా మంచినీళ్ళు అడగాలన్నా ముందు ఒక పేజీ మబ్బులు పట్టాలి, చెట్ల ఆకులు వణకాలి, దూరంగా ఎక్కడో ఒక పక్షి ఒంటరిగా ఎగరాలి. అప్పుడుగానీ పాత్ర నోరు విప్పేది కాదు. విప్పినా దాహం అనేది కాదు, అదేదో ఎడారి గురించి మాట్లాడేది.

ఆవిడని పరిశ్రమలో అందరూ అక్క అనే పిలిచేవాళ్ళు. నిర్మాతలకీ అక్కే, డైరెక్టర్లకీ అక్కే, ఆవిడకంటే పెద్దవాళ్ళకి కూడా అక్కే. సిద్దిపేట వైపు మనిషి. మీరు హాల్లో పగలబడి నవ్విన మాటలు, పక్కవాళ్ళకి తెలియకుండా కళ్ళు తుడుచుకున్న మాటలు ఎన్నో ఆవిడవే. కాకపోతే తెరమీద పేరు ఇంకెవరిదో ఉండేది. పేరున్న రచయితలు చేతికి దొరకనప్పుడు, దొరికినా వాళ్ళు రాసింది అతకనప్పుడు, షూటింగ్ రేపనగా అక్కకి ఫోను వచ్చేది. రాసిచ్చేసేది. "పేరు వేస్తాం అక్కా" అనేవాళ్ళు. సినిమా వచ్చాక చూస్తే లైట్‌మ్యాన్ల పేర్లు కూడా ఉండేవి గానీ అక్క పేరు ఉండేది కాదు. నేను చేరే నాటికి మాత్రం ఆవిడ తన సొంత కథ ఒకటి తయారుచేస్తోంది. ఒక నిర్మాతగారు ముందుకొచ్చారు. పెద్ద హీరోగారు విని ఒప్పుకుంటే, ఈసారి తెరమీద "కథ" అన్న మాట పక్కన అక్క పేరు పడుతుంది. అదొక్కటే ఆవిడకి కావలసింది. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, ఆ కథ గురించి మాట్లాడేటప్పుడు గొంతు కొంచెం తగ్గించి మాట్లాడేది.

తెలిసినవాళ్ళ ద్వారా కబురు పెట్టించుకుని మొదటిసారి వెళ్ళాను. ఫైలు నిండా నా సీన్లు. "కూసో" అంది. ఫైలు చాపితే "ఆడ పెట్టు" అని బియ్యం డబ్బా మీద పెట్టించింది. చిక్కుడుకాయలు ముందేసుకుని, ఆ పొద్దున టోలిచౌకి నుంచి ఆటోలో వస్తుంటే ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టింది. వెనక సీట్లో ఒక పెద్దమనిషి పెళ్ళివారి బిర్యానీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఎక్కాడట. ఆ వాసనకి ఆటో డ్రైవరు ఎత్తు ఎక్కే దగ్గర బండి ఆపేసి, "చాచా, నాకు పొద్దుగాల సంది తిండి లేదు, ఒక్క ప్లేటు పెడితేనే బండి పైకెక్కుతది" అని పేచీ పెట్టాడట. ఆ పెద్దమనిషి మూత తియ్యడు, డ్రైవరు కిక్కు కొట్టడు, అక్కేమో మధ్యవర్తి. చెబుతూ చెబుతూ అక్క నావైపే చూస్తోంది. నేను నోరెళ్ళబెట్టి వింటున్నాను. మూత తీసేసరికి నా నోట్లో నీళ్ళూరాయి, గిన్నెలో ఉన్నది బిర్యానీ కాదు, ఖాళీ గిన్నె, వాసన మాత్రమే మిగిలిందని తెలిసేసరికి "అయ్యో!" అని పైకే అనేశాను. అక్క చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టి, "రేపటి సంది రా" అంది. అంతే. ఫైలు బియ్యం డబ్బా మీదే ఉండిపోయింది. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, "ఒక్క పేజీ కూడా చదవలేదమ్మా, నా మొహం చూసే ప్రతిభ కనిపెట్టేసింది" అని చెప్పాను. (అక్షరాలా నిజమని అప్పుడు నాకు తెలియదు.)

అక్క రాసే పద్ధతి చూస్తే నాకు మతిపోయేది. బల్ల లేదు, కుర్చీ లేదు. చేతికి ఏదో ఒక పని ఉండాలి. చిక్కుడుకాయలో, వెల్లుల్లి రెబ్బలో, చింతపండులో గింజలో. పని చేస్తూ సీను చెప్పేది. చెప్పేది నాకు. నన్ను గోదారి అని పిలిచేది. "ఏయ్ గోదారీ, గిట్ల కూసో, వెలుతురు మొహం మీద వడేటట్టు" అనేది. (వెలుతురు ఎందుకో అడగాలని కూడా తోచలేదు. రచయితకి వెలుతురు మంచిదనుకున్నాను.) సీను సాగుతూ సాగుతూ ఉండగా ఉన్నట్టుండి చేతులు ఆగేవి. "గీడ జారినవ్" అనేది. "లేదక్కా, వింటున్నాను, బాగుంది" అని నేను. "నువ్వు బాగుందనే అంటవ్. నీ కండ్లు అంటలేవు" అని, నిమిషం ఆగి, అదే సీను మళ్ళీ మొదట్నించి ఇంకో రకంగా చెప్పేది. నేను ఆవలించిన మాటలు రెండోసారి ఉండేవి కావు. నవ్విన మాట ఇంకొంచెం ముందుకు జరిగేది. అంతకు ముందు నాలుగు రోజులు ప్రాణం పెట్టి తయారుచేసుకున్న సీనైనా సరే, నా కనుబొమ్మ ఒకటి కిందికి దిగితే చాలు, ఒక్క ముక్క మిగల్చకుండా తీసిపారేసేది. ఒక్కసారైనా "నీకేం తెలుసురా" అనలేదు. నాకైతే, నేను రాసిన దాంట్లో ఒక్క కామా తీసేసినా నాలుగు రోజులు అన్నం సహించేది కాదు. ఆవిడని చూస్తే ముందు ఆశ్చర్యం, తర్వాత కుళ్ళు, ఆ తర్వాత మాత్రం దండం పెట్టాలనిపించేది. అన్నీ అయ్యాక, ఒకవైపు ప్రింటు పడిన షూటింగ్ కాగితాల వెనక, గుండ్రటి అక్షరాలతో గబగబా రాసేసుకునేది. అప్పుడు కొట్టివేతలు ఉండేవి కావు. కొట్టివేతలన్నీ అప్పటికే నా మొహం మీద అయిపోయేవి.

ఒకరోజు నిర్మాతగారు ఇంటికొచ్చారు. మాటామాటకీ "అదే నేనూ అంటున్నాను" అంటారు కాబట్టి మేం చాటున ఆయన్ని అదేగారు అనుకునేవాళ్ళం. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. హాల్లో ఆయన, "ఈ కుర్రాడు కొత్త అసిస్టెంటా అక్కా? బాగా రాస్తాడా?" అని అడిగారు. నేను స్టవ్ తగ్గించి చెవులు రిక్కించాను.

"రాసుడు సంగతి నాకెర్క లేదు సార్" అంది అక్క. "వింటడు. గా పిల్లగాని మొహం ఉన్నది సూడుండ్రి, అద్దం సార్. సీను మంచిగొస్తె మంచిగుంటది, ఖరాబైతే ఖరాబైతది. దాసుకునుడు రాదు. ఇదివరకు మా ఆయనకు చెప్తుంటి. ఇన్నేండ్లు వినీ వినీ ఆయన మొహం ఆరిపోయింది. నేను నోరు తెరవకముందే మంచిగుంది అంటడు."

"అదే నేనూ అంటున్నాను, మొహం బాగుంది" అన్నారు అదేగారు.

టీ పొంగి స్టవ్ మీద పడింది. నా బాధ ఏమని చెప్పను! తెలుగు సినిమాని ఆదుకోడానికి వచ్చిన మనిషిని, అద్దం ఉద్యోగంలో పెట్టారన్నమాట. గదికెళ్ళి, షేవింగ్ అద్దం గోడకి ఆనించి చాలాసేపు చూసుకున్నాను. నిజంగానే అది చాలా అమాయకమైన మొహం. అందులో రహస్యాలేవీ లేవు. గడ్డం కూడా దాన్ని కాపాడలేకపోయింది.

తర్వాత జరిగిందే అసలు తమాషా. మర్నాటి నుంచి, అక్క నా మొహం చూస్తోందని తెలిసిపోయింది కాబట్టి, నా మొహం నా మాట వినడం మానేసింది. అక్క హాస్యం చెబితే, నవ్వు రావాల్సినచోట కాస్త ముందే తయారుగా పళ్ళు బయటపెట్టేవాణ్ణి. కరుణ రసం వస్తోందంటే దవడలు బిగించి, కళ్ళు సగం మూసి, ముక్కుపుటాలు అదిరించేవాణ్ణి. ఆవిడకి సాయం చేద్దామనే! పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, అక్క చెప్పడం ఆపి, నా దగ్గరకి జరిగి, నిజమైన ఆదుర్దాతో, "ఏమైంది బిడ్డా? పన్ను నొస్తుందా?" అని అడిగింది. లవంగం తెచ్చి బుగ్గన పెట్టించింది. ఆ రోజంతా లవంగంతోనే విన్నాను. లవంగం ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగితే సీను పండిందనుకుని అక్క అలాగే రాసేసుకుంది. రెండు రోజుల తర్వాత మళ్ళీ చెప్పి చూసుకుని, "గిదేంది, గింత సప్పగున్నది?" అని తల పట్టుకుంది. హీరోగారికి కథ చెప్పాల్సిన గురువారం దగ్గరకొచ్చేస్తోంది. కథకి ఆఖరి ఘట్టం కుదరడం లేదు. ఆవిడకి ఉన్న ఒక్క అద్దమూ పనిచేయడం లేదు.

ఆ సంగతి బయటపెట్టక తప్పలేదు. "అక్కా, మీరు అదేగారితో అన్నది విన్నాను. నేను రాయడానికొచ్చాను గానీ వినడానికి కాదు" అన్నాను. అక్క నవ్వలేదు, కోప్పడలేదు. లేచి వెళ్ళి, బియ్యం డబ్బా మీది నా ఫైలు దులిపి తెచ్చుకుంది. "సరే. ఒకటి సదువుతా. ఏది మంచిగుంటదో నువ్వే తియ్యి" అంది. నా కళాఖండం తీసిచ్చాను. బస్టాండులో తండ్రీ కూతుళ్ళు చాన్నాళ్ళకి కలుసుకునే సీను. పన్నెండు పేజీలు.

మర్నాడు వెళ్ళేసరికి అక్క చింతపండు ముందేసుకుని కూర్చుంది. "పొద్దున ఒక సీను తట్టింది, విను" అంది. "బస్టాండు. ముసలాయన ఉన్నడు. బిడ్డ వస్తది. ఏం నాయ్నా అంటది. ఏం బిడ్డా అంటడు. మంచిగున్నవా అంటది. ఉన్న అంటడు. కూసుంటరు. బస్సొస్తది. ఇద్దరు ఎక్కిపోతరు." ఇంకేముంటుందోనని చూస్తున్నాను. ఇంకేమీ లేదు. నాకు తెలియకుండానే ఆవలింత వచ్చేసింది. చాన్నాళ్ళకి వచ్చిన నిఖార్సైన ఆవలింత.

"గిది నీదే" అంది అక్క.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నాదెలా అవుతుందక్కా? నా సీన్లో వానుంది. ఉరుములున్నాయి. దీపస్తంభం కింద నీడలున్నాయి. ఆ అమ్మాయి పమిట అంచు గాలికి..."

"అవన్నీ తీసేసి చూసిన. వాన వడకుంటె మనుషులేం చేస్తుండ్రో చూద్దమని. ఏం చేస్తలేరు. వానే చేస్తుంది పనంత."

నేను తల వంచుకుని చింతపండు గింజలు లెక్కపెడుతున్నట్టు నటించాను. అప్పుడు అక్కే మళ్ళీ అంది. "ఒక్కటున్నది. తొమ్మిదో పేజీల. గా ముసలాయన చెప్పు తెగితే, ఆడనే ఇడిసిపెట్టడు, బిడ్డకు కనవడకుంట ఎనక చేతుల పట్టుకొని నడుస్తడు. గది ఏడ జూసినవ్?"

"మా నాన్న అక్కా. నన్ను కాలేజీలో చేర్చడానికి వచ్చినప్పుడు."

"గది రాయి" అంది. "వాన నాకు గూడ ఎర్కే. గా చెప్పు సంగతి నీకే ఎర్క." నాకు ఏడుపొచ్చింది. నటన కాదు. అక్క నా మొహం చూసి, "ఆ, ఇప్పుడు మంచిగైంది" అని మళ్ళీ చింతపండు మీద పడింది.

ఇక ఆ కథ సంగతి. హీరో వాటర్ ట్యాంకర్ డ్రైవరు. జూబ్లీ హిల్స్ బంగళాలకి నీళ్ళు తోలతాడు. అతన్ని పెంచి పెద్దచేసిన అక్క ఉండేది కొండ కింద బస్తీలో. ఒక ఎండాకాలం బస్తీ వంతు నీళ్ళు ఒక హోటలుకి అమ్ముకుంటాడు. ఆ రోజే ఆ అక్క ఇంట్లో శుభకార్యం. నీళ్ళు లేక నలుగురిలో తలవంచుకుంటుంది. అప్పటినుంచి తమ్ముడితో మాటల్లేవు. ఇంటికొస్తే మంచినీళ్ళు కూడా ఇవ్వదు. చివర్లో తమ్ముడు మారి, బస్తీ కోసం పోరాడి, కాలనీ గేటు ముందు నిలబడి పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. ఆ ఉపన్యాసం అదేగారి కోరిక. పెద్ద హీరో అన్నాక ఆఖర్న ఉపన్యాసం ఉండాలిగా! అక్క దాన్ని ఎన్ని రకాలుగా చెప్పినా నేను అక్కడికి రాగానే జారిపోతూనే ఉన్నాను.

గురువారం వచ్చింది. ఆ హీరోగారికి కథ చెప్పడమంటే రచయితలందరికీ హడల్. చాటున ఆయన్ని గ్రానైటు అనేవాళ్ళు. ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకుని, సోఫాలో కదలకుండా కూర్చుంటారట. నవ్వరు, నిట్టూర్చరు, టీ కూడా తాగరు. మూడు గంటలు చెప్పాక "ఊఁ" అంటారట. ఆ ఊఁ వినే చాలామంది ఇంటికెళ్ళి జ్వరం తెచ్చుకున్నారు. మొహం చూస్తేగానీ కథ చెప్పలేని అక్క, మొహమే లేని మనిషికి కథ చెప్పాలి. ఆటోలో జూబ్లీ హిల్స్ ఎత్తు ఎక్కుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆవిడ చెయ్యి. "నువ్వు ఆయన పక్కన కూసో. ఆయన దిక్కు చూస్తున్నట్టె ఉంటది గని, నేను నిన్ను చూసుకుంటనే చెప్త" అంది.

"అక్కా, నాకు కథంతా కంఠతా వచ్చు. మొహం పలక్కపోతే? మళ్ళీ పన్ను నొప్పి వస్తే?"

"ఫికర్ జెయ్యకు" అంది అక్క.

హాలు పెద్దది, చల్లగా ఉంది. హీరోగారు నల్లద్దాలతో వచ్చి కూర్చున్నారు. నేను ఆయన పక్క సోఫా అంచున, కింద పడకుండా కూర్చున్నాను. ఎదురుగా అక్క, ఆ పక్కన అదేగారు. అక్క మొదలుపెట్టింది. చేతికి పనిలేక మొదట తడబడింది. చీర కొంగు అంచు మడతలు పెట్టడం మొదలుపెట్టాక దారిలో పడింది. రెండు నిమిషాలకే నాకు అనుమానమొచ్చింది. నాకు కంఠతా వచ్చిన కథ కాదిది! మనుషులు వాళ్ళే, దారి అదే, కానీ మలుపు మలుపునా ఏదో ఒకటి కొత్తది పెట్టేసింది. ట్యాంకరు కింద పడుకుని డ్రైవరు నిద్రపోయే చోట, బిర్యానీ గిన్నె పెద్దమనిషి ఊడిపడ్డాడు. నేను పకాలున నవ్వేశాను. ఆ హాల్లో నా నవ్వు గోడలకి తగిలి నాకే వినిపించింది. నల్లద్దాలు నెమ్మదిగా నా వైపు తిరిగాయి. అదేగారు నన్ను కళ్ళతోనే చంపేశారు. అక్క మాత్రం నా మొహం చూసి, ఆ ఊపులోనే ముందుకెళ్ళిపోయింది. నేను అక్కడున్నానన్న సంగతి కూడా మర్చిపోయాను. ఎవరు హీరో, ఎవరి ఇల్లు, అవేవీ గుర్తులేవు.

ఆఖరి ఘట్టం వచ్చింది. కాలనీ గేటు. ఇక ఉపన్యాసమే, దవడలు బిగించడానికి సిద్ధమయ్యాను. ఉపన్యాసం రాలేదు. తమ్ముడు గేటు దగ్గర ఆగనే లేదు. బండి తిన్నగా బస్తీకి తోలాడు. పైపు భుజానేసుకుని, ఇంటింటికీ బిందెలు తనే నింపాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నీ నింపాక, ఒళ్ళంతా తడిసి, అక్క ఇంటి గడప మీద కూర్చున్నాడు. లోపలికి రానివ్వదేమోనని భయం. అక్క బయటికొచ్చి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. "తలుపేసుకుంటదనుకుంటం సార్" అంది మా అక్క మెల్లగా. "మళ్ళొచ్చింది. చెంబుల మంచినీళ్ళు. ఆయన ముంగట పెట్టింది. ఏం అనలే. ఆయన తాగిండు. అయిపోయింది సార్."

నేను ఏడ్చేశాను. మర్యాదగా కాదు. ముక్కుతో, గొంతుతో, భుజాలతో ఏడ్చాను. జేబులో రుమాలు లేదు, అందిన సోఫా దిండు మొహానికి అదుముకున్నాను. ఉపన్యాసం ఎగిరిపోయిందని అదేగారు నోరు తెరుచుకుని ఉండిపోయారు. అక్క కొంగు మడతలు ఆపేసి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. నేను చెడగొట్టానా, నా ఏడుపు వల్ల ఆవిడ పేరు పోయిందా అనుకునేసరికి దుఃఖం ఇంకా ఎక్కువైంది.

హీరోగారు నల్లద్దాలు తీశారు. "ఈయనెవరండీ?" అని అడిగారు.

"నా అసిస్టెంటు సార్."

"కథ ముందే విన్నాడా?"

"ఆఖరు వినలేదండీ" అన్నాను దిండులోంచి. "ఇప్పుడే... మీతో పాటే..."

ఆయన నవ్వారు. ఆయన నవ్వు తెరమీద తప్ప బయట చూసినవాళ్ళు తక్కువ. "మొదట్నించీ నేను ఈ అబ్బాయినే చూస్తున్నానండీ. మీతో చెప్పడానికేం, కథ వింటుంటే చెప్పేవాళ్ళు నా మొహంలోకే చూస్తుంటారు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలియక చచ్చిపోతాను. అందుకే ఈ అద్దాలు. ఇవాళే మొదటిసారి హాయిగా విన్నాను. మనం చేస్తున్నాం. ఆఖర్న నాకు ఉపన్యాసం లేకపోవడం మరీ బాగుంది."

"అదే నేనూ అంటున్నాను సార్" అన్నారు అదేగారు.

లేచేటప్పుడు హీరోగారు నా భుజం తట్టి, "అక్కా, ఈ అబ్బాయిని నాకిచ్చేయండి. నేను కథలు వినేటప్పుడు పక్కన కూర్చుంటాడు, ఇంకే పనీ ఉండదు" అన్నారు. అంత పెద్దాయన అడిగితే, కథ ఇప్పుడే ఒప్పుకున్న మనిషి అడిగితే, ఎవరు కాదంటారు? అక్క రెండు చేతులూ జోడించి నవ్వుతూనే అంది. "ఇయ్య సార్. వాడు రాసేటోడు." ఆ మాటకి దిండు మళ్ళీ అందుకోవాలనిపించింది గానీ, అప్పటికే తడిసి ముద్దయింది.

సినిమా తయారైంది. కానీ తయారవడం వేరు, పేరు పడటం వేరు. ఆఖరి వారంలో పేర్లు ఎలా తారుమారవుతాయో అక్కకి తెలుసు. అదేగారిని అడిగితే "అదే నేనూ అంటున్నాను" అనేవారు. అందులో అవునో కాదో ఎవరికి తెలుసు? అక్క ఎవర్నీ అడగలేదు. ఫిల్మ్ నగర్‌లోనే ప్రివ్యూ థియేటర్లో మధ్యాహ్నం ఆట వేశారు. కొత్త చీర కట్టుకుని వచ్చింది. లైట్లు ఆరిపోయాయి. పేర్లు మొదలయ్యాయి. నేను అక్క మొహం వైపు తిరిగాను. ఇన్నాళ్ళూ నా మొహం చూసిన మనిషి, తన పేరు తెరమీద చూసుకునే క్షణాన ఎలా ఉంటుందో చూడాలని. చూద్దును కదా, అక్క సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, సీటు వీపు మీద గడ్డం ఆనించి, చీకట్లో జనాల మొహాలు చూస్తోంది! మొదటి షాట్‌కి ఎవరు నవ్వుతారు, ఎవరు ఫోన్ తీస్తారు అని. నేను ఆవిడనే చూస్తూ కూర్చున్నాను. చప్పట్లు వినపడ్డాయి. ఎందుకో తెలుసుకునేలోపే ట్యాంకరు హారను మోగింది, కథ మొదలైపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అక్కకి. గబుక్కున ముందుకి తిరిగి, నా మోచెయ్యి పట్టుకుంది. "నా పేరు పోయిందా? వడ్డదా?"

"పడిందక్కా" అన్నాను. "పెద్ద పెద్ద అక్షరాలతో."

తెర వెలుతురులో నా మొహం వైపు ఒక్క చూపు చూసింది. "నువ్వు గూడ చూడలే" అంది. ఇద్దరం నోటికి కొంగూ చెయ్యీ అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాం. వెనక ఎవరో "ష్" అన్నారు. అక్క ఇంకా నవ్వింది.

మర్నాడు ఉదయం ఆటకి మామూలు హాల్లో, మామూలు టికెట్లు కొనుక్కుని వెళ్ళాం. ఈసారి వెనక్కి తిరగనని అక్క దగ్గర ముందే మాట తీసుకున్నాను. ఆవిడ పక్కన బావ (ఆరిపోయిన మొహం ఆయన) చేతిలో పాప్‌కార్న్ పట్టుకుని, ఇంకేమీ మొదలుకాకముందే "మంచిగుంది" అన్నాడు. ఆ పేరు వచ్చింది. చిన్న అక్షరాలే. మూడో వరసలోనుంచి చదివినా కళ్ళు చికిలించుకోవాల్సినంత చిన్నవి. అక్క రెప్ప వేయకుండా తెరనే చూసింది. నేను ముక్కుతో, గొంతుతో, భుజాలతో ఏడ్చాను. దిండు కూడా లేదు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత ఏడిస్తే, ఆ ఒక్క పూట మాత్రం నా మొహం వైపు చూసినవాళ్ళే లేరు.